సమస్యాపూరణం: "గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు"

నిర్వాహకుడు:

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని). గు, కె అక్షరాల్లో హల్లులు కలిసినా అచ్చులు కలవవు కదా అని ఉత్తరాలు రాయకండి. ఇక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం: గుర్ర, కెర్ర. బండి ఱ రాసేవాళ్లు రెండు చోట్లా అదే రాయండి.

సందర్భం కూడా చెబుతాను. గుర్రాలు పెంచేవాళ్ల మాటలు ఈమధ్య చెవిన పడ్డాయి. గిట్టలు చెక్కిస్తే పెడిక్యూర్. ఒళ్లు కడిగితే స్పా. పైన కప్పే దుప్పటి పైజామా. కొత్తగా స్వారీ నేర్చుకునేవాళ్లని ఓపిగ్గా మోసే ముసలి గుర్రం బేబీ సిట్టర్. యజమానురాలు సరేసరి, మమ్మీ. ఈ ముద్దుమాటల మీద మీ పూరణలు రావాలి. కేవలం రంగు మీద రాస్తే తీసుకోను.

మూడోగంట:

కంటి నొక్క కలను గద్దెపై కూర్చుండి
కాలు చాపి నవ్వి కళ్లు మూసి
సిగ్గు లేక నన్ను జేరంగ రమ్మని
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

గసడదవ:

గణాలు, యతులు సరిపోయాయి. సి, జే యతి కూడా చెల్లుతుంది. కానీ మూడోగంట గారూ, మళ్లీ కలేనా! పోయిన రెండు సమస్యలకీ మీరు కలలోనే సమాధానం చెప్పారు. కలలో అయితే ఏనుగు కూడా చీర అడుగుతుంది.

లాయమక్క:

నాకు ఆ కుర్చీ నచ్చలేదు. అసలు పని చూస్తే కుర్చీ అవసరమే రాదు. గిట్ట చెక్కేవాడు వంగి, ముందుకాలిని తన రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుంటాడు. గుర్రం అంతసేపూ మూడు కాళ్ల మీద నిలబడుతుంది. దానికి నమ్మకం కుదరకపోతే అతని నడుము పని అయిపోయినట్టే. కల కంటే ఇదే వింతగా ఉంటుంది, దీన్ని పద్యంలో పెట్టండి.

తోకచుక్క:

కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.

పెడిక్యూరటంచు ప్రేమతో పిలిచిరి
గిట్ట చెక్కు పనిని గీరతోడ
చెవులు నిక్కబొడిచి చిత్రమౌ కోర్కెతో
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

నిర్వాహకుడు:

భావం బాగుంది తమ్ముడూ. మనిషి మాట విని గుర్రం మనిషి కోరికే కోరడం, సమస్యని నేరుగా పట్టుకున్నట్టు. మూడో పాదం చక్కగా నడిచింది. ఇబ్బందంతా మొదటి పాదం మొదటి మాటతోనే.

పెడిక్యూరు: లఘువు, గురువు, గురువు, లఘువు. సూర్యగణాల్లో గాని ఇంద్రగణాల్లో గాని లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చేది ఒక్కటీ లేదు. అంటే ఈ మాట ఆటవెలదిలో ఏ గణాన్నీ మొదలుపెట్టలేదు. తేటగీతిలోనూ అంతే. దీన్ని వాడాలంటే ఒక దారి, 'పె'ని ముందు గణం తోకగా అంటించి, 'డిక్యూరు'ని తగణం (గురువు, గురువు, లఘువు) చేయడం. ఇలా:

గిట్ట చెక్కు పనికి గీర పెడిక్యూరు
పేరు పెట్టినావు పెద్దగాను

గీరపె అన్నది భగణం (గురువు, లఘువు, లఘువు), డిక్యూరు తగణం. కింది రెండు పాదాలూ మీవే ఉంచుకోండి.

తోకచుక్క:

ధన్యవాదాలు గురువుగారూ. రాత్రంతా వేళ్ల మీద లెక్కపెట్టినా తప్పెక్కడో దొరకలేదు. మాటే సరిపడదని తోచనేలేదు.

అరసున్న:

ఆ పరాయి మాటకి మన ఛందస్సులో ముందుతలుపు లేదన్నమాట! వెనకతలుపు తీశారు నిర్వాహకులు.

పని పేరు మార్చడం మీద ఒక ముక్క. విరాటుడి కొలువులో నకులుడు గుర్రాల్ని చూసుకున్నాడు. తిక్కనగారి దగ్గర ఆయన పేరు దామగ్రంథి. అజ్ఞాతవాసం కోసం తన పేరు మార్చుకున్నాడు గాని, చేసే పని పేరు మార్చలేదు. గిట్ట గిట్టే, లాడం లాడమే, మాలీసు మాలీసే.

గసడదవ:

అరసున్నగారూ, మాలీసు మాత్రం మనదా? అదీ ఎక్కడినుంచో గుర్రంతో పాటే వచ్చింది. పరాయి మాట కావడం నేరం కాదు. చేసే పనికి సరిపోయిందా లేదా అన్నదే చూడాలి. గుర్రం పళ్లు చూసేవాణ్ణి డెంటిస్ట్ అనడం నాకు సరిపోయినట్టే ఉంది.

లాయమక్క:

డెంటిస్ట్ వరకు ఒప్పుకుంటాను. 'పళ్లు తోమించాం' అంటేనే తేడా కొడుతుంది. అక్కడ తోమడం ఉండదు, ఆకురాయితో అరగదీయడమే. గుర్రం పళ్లు ఏళ్ల తరబడి చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి, నమలడంతో అరుగుతూ ఉంటాయి. కింది దవడ పైదానికంటే సన్నం కాబట్టి అరుగుదల సమంగా ఉండదు. పై దవడ పళ్లకి బుగ్గవైపు, కింది పళ్లకి నాలుకవైపు కత్తుల్లాంటి అంచులు లేస్తాయి. అవి కోసుకుపోతుంటే మేత నోట్లోంచి ఉండలుగా కింద పడుతుంది, కళ్లెం పెట్టబోతే తల ఎగరేస్తుంది. ఏడాదికి ఒకసారైనా చూపించకపోతే కుదరదు.

పైజామా ఇంకో రకం. మనకి చలేస్తే దానికి కప్పుతాం. చలికాలానికి గుర్రం తన వెంట్రుకలు తానే పెంచుకుంటుంది. చలి వేస్తే వాటిని నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. బరువైన దుప్పటి వేసి ఆ వెంట్రుకల్ని మనమే అణగదొక్కుతాం. ముసలిదానికో, బక్కచిక్కినదానికో, వెంట్రుకలు కత్తిరించినదానికో దుప్పటి కావాలి. బొద్దుగా ఉన్నదానికి పైజామా అంటే మన సరదాయే.

స్పా గురించి నాకు తగువు లేదు. నీళ్లు నీళ్లే.

తెరచాప:

అమ్మ హయము నెపుడు నాదరించగ జూచి
చిన్నపిల్ల కెంత చింత కలిగె
అలిగి మూతి ముడిచి యయ్యనే యొక కొయ్య
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

అరసున్న:

ఆహా! మూడో పాదం చివర 'కొయ్య' దగ్గర ఆగి, కిందికి దిగేసరికి నవ్వాపుకోలేకపోయాను. అడిగింది గుర్రం కాదు, పిల్ల. అడిగింది కొయ్యగుర్రాన్ని. గుర్రానికి పెడిక్యూర్ అంటే తన గోళ్లకీ రంగు కావాలంది. అమ్మ నోట 'పాప' అన్న పిలుపు లాయంలోకి పోయాక ఇంట్లో పాప ఏమైపోవాలి? పదవిరుపు అంటే ఇదీ.

గసడదవ:

వ్యాకరణం కూడా తోడొచ్చింది. కొయ్యగుర్రం జడం, కాబట్టి ద్వితీయావిభక్తి లేకుండానే 'కొయ్యగుర్ర మడిగె' అనవచ్చు. బతికున్న గుర్రమైతే 'గుర్రము నడిగె' అనాల్సి వచ్చి సమస్య చెడేది. ఇది తెలిసి చేశారో, చెయ్యి తిరిగి అలా పడిందో!

ఒక్క చిక్కు. రెండో పాదం 'చింత కలిగె' దగ్గర వాక్యం అయిపోయింది. తర్వాత 'అడిగె'కి కర్త ఎవరు? వెతుక్కోవాలి. 'పిల్లకు' అన్నది కర్త కాలేదు.

తెరచాప:

నిజమే అన్నయ్యా. ఇలా మారిస్తే?

చిన్నపిల్ల యెంత చిన్నబోయి

గసడదవ:

ఇంకేం కావాలి! కర్త దొరికింది, వాక్యం చివరిదాకా ఒకటే అయింది, చిన్న పక్కన చిన్న ఊరికే వచ్చి కూర్చుంది. (చెయ్యి తిరిగిందనే అనుకుంటాను.)

ఏకసంథ:

క్రమాలంకారంలో నా ప్రయత్నం.

పరుగు లెత్తు నేది? బైరాగి యేం జేసె?
దేని కంద మబ్బు దిద్దుకొనగ?
నెత్తు రేమి రంగు? నేర్పుతో బదులిమ్ము!
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

నిర్వాహకుడు:

నాలుగు ప్రశ్నలు, వరసగా నాలుగు జవాబులు: గుర్రము, అడిగె, గోళ్లకు, ఎర్ర రంగు. పనితనానికి వంక లేదు, 'యేం' అన్న వ్యావహారికం తప్ప. మూడో ప్రశ్నకి కనుబొమలు అన్నా తప్పు కాదు, అదొకటి. కానీ సందర్భం ఏమైంది? గుర్రం పరుగెత్తుకుంటూ వచ్చి పరుగెత్తుకుంటూ పోయింది. దీన్ని ఏ సమస్య కిందనైనా పెట్టవచ్చు. అందుకే పక్కన పెడుతున్నాను.

మూడోగంట:

కలలు మానేశాను. చూడండి.

పచ్చగడ్డి మేపి పార్టియే యంటిరి
కాలు నొచ్చె నాకు కదలలేను
నిన్న లేని దిట్లు నేడేల యంచును
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు

అన్వయం: 'నిన్న లేనిది, గోళ్లకు ఎర్ర రంగు నేడేల?' అని గుర్రం అడిగింది. కోరడం కాదు, ప్రశ్నించడం.

అరసున్న:

ఇదేనా మన మూడోగంట! 'అడిగె' అన్న మాటకి రెండో అర్థం అందరి కళ్ల ముందే ఉంది, ఒక్కరమూ చూడలేదు.

లాయమక్క:

నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఎరుపు నేను చూశాను.

తీపెక్కిన పచ్చిగడ్డి ఒక్కసారిగా ఎక్కువ తింటే గిట్టలో వాపు రావచ్చు. గిట్ట గోడని లోపలి ఎముకకి పట్టి ఉంచే పొరలు ఉంటాయి, అవి దెబ్బతింటాయి. పశువైద్యులు లామినైటిస్ అంటారు. గుర్రం బరువంతా వెనక్కి వేసి, ముందుకాళ్లు చాచి నిలబడిపోతుంది. ముదిరితే ఎముకే లోపల తిరిగిపోతుంది. బొద్దుగా ఉందని మురిసి, పార్టీ అని మేపిన గడ్డి ఇంతపని చేస్తుంది.

కానీ మూడోగంట గారూ, మీ మూడో పాదంలో వాస్తవం తప్పింది. నొప్పి ముందు వస్తుంది, ఎరుపు తర్వాత కనిపిస్తుంది. లోపల చిమ్మిన రక్తం గిట్ట పెరుగుదలతో పాటు మెల్లగా కిందికి దిగాలి. గిట్ట గోడ నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. కాబట్టి వారాలు, నెలలు గడిచాక గిట్ట చెక్కుతున్నప్పుడు ఎర్రటి చారగా బయటపడుతుంది. అదీ తెల్ల గిట్టలో అయితే బాగా తెలుస్తుంది, నల్ల గిట్ట దాచేస్తుంది.

మూడోగంట:

అయితే ఇలా అక్కా:

నెలలు గడచినాక నేడేల యంచును

గసడదవ:

నె, నే యతి అలాగే నిలిచింది. పైగా ఇప్పుడు గుర్రం ప్రశ్నకి బరువు వచ్చింది. పార్టీ చేసినవాళ్లు మరిచిపోయాక, దాని గోరు గుర్తు చేస్తోంది. మొదటి పాఠం కంటే ఇదే గొప్పగా ఉంది. వాస్తవం సరిచేస్తే పద్యం బాగుపడటం అరుదు, సాధారణంగా చెడుతుంది.

తెరచాప:

లాయమక్కా, అంత తెలిసినవారు మీరేమో ఇక్కడ ముద్దుమాటల్ని దులిపేస్తున్నారు. మీ ఇంట్లో ఏమంటారు, నిజం చెప్పండి.

లాయమక్క:

దొరికిపోయాను. మా ఆడగుర్రాన్ని నేను బంగారు అంటాను. గిట్టల పనిని మొన్నమొన్నటిదాకా పెడిక్యూరే అన్నాను. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి చేయించాలని నాకు తెలుసు. ఒకసారి ఇంట్లో హడావిడిలో 'పెడిక్యూరే కదా, వచ్చే నెల చూద్దాం' అన్నాను. గిట్ట చెక్కించాలి అని నోటితో అని ఉంటే ఆ 'కదా' వచ్చేది కాదేమో. పదకొండో వారానికి గిట్ట కొన ముందుకి సాగిపోయి, అంచు చీలింది. కుంటింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

బంగారు అనడం మానలేదు, మానను కూడా. పిలుపు వేరు, పని పేరు వేరు. ఆ ఒక్క మాటే మానేశాను. నా పూరణ:

నాల్గు గోళ్లమీద నడిచేటి జీవికి
ఆరు వారములకె యరగదీత
మాట ముద్దులోన మరచిపోయిరి గాని
గుర్ర మడిగె గోళ్ల కెర్ర రంగు?

చివర ప్రశ్న గుర్తు పెట్టాను, చెల్లుతుందో లేదో మీరే చెప్పాలి.

నిర్వాహకుడు:

చెల్లుతుంది. కాకువు అంటారు, గొంతు మార్చి చదివితే అర్థం మారిపోతుంది. 'అడిగిందా?' అని. అవధానాల్లో కూడా ఇది ఒప్పిన దారే.

నాకు మొదటి పాదం ఎక్కువ నచ్చింది. గిట్టని గోరు అనడం ముద్దుమాట అని మనమంతా నవ్వాం. చూస్తే అదొక్కటే నిక్కమైన మాట. గుర్రం ఒక్కో కాలికి ఒక్కటే వేలు, మనకి నడిమి వేలు ఎక్కడో అక్కడ. ఆ వేలి చుట్టూ ఉన్న గోరే గిట్ట. మన గోటిలో ఉండే కెరటినే అందులోనూ. ఐదువందల కిలోల ఒళ్లు నాలుగు గోళ్ల మీద నిలబడి ఉందంటే, దాన్ని అలంకారం అని ఎలా అంటాం?

గసడదవ:

అంతా బాగుంది గాని 'జీవికి / ఆరు' దగ్గర విసంధి, సంధి చేయాల్సిన చోట చేయలేదు. 'కి' ద్రుతప్రకృతికం, అంటే తర్వాత అచ్చు వస్తే మధ్యలో నకారం చేరుతుంది, కాబట్టి 'నారు వారములకె' అని ఉండాలి.

నిర్వాహకుడు:

ఉండాలి. కానీ 'నారు వారములకె' అని చదివితే వరిమడి గుర్తొస్తుంది. పాదం చివర ఊపిరి తీసుకున్నారనుకుని వదిలేస్తున్నాను. మీరు వదలరని తెలుసు.

గసడదవ:

వదలను.

పిల్లగాలి:

ఆలస్యంగా చూశాను. ఇంకా పంపవచ్చా అండీ?

నిర్వాహకుడు:

పంపండి. కల మాత్రం వద్దు.