అప్‌డేట్: అమ్మకి గెలాక్సీ ఏ55 తీసుకున్నాం

అమ్మకి శామ్‌సంగ్ ఫోన్ గెలాక్సీ ఏ55 కొనాలా, గూగుల్ ఫోన్ పిక్సెల్ 8ఏ కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. విడుదల ధరల్లో ఏ55 39,999, పిక్సెల్ 52,999 అంటే 13 వేలు తేడా, కానీ పిక్సెల్‌కి 7 ఏళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఇవన్నీ చూసి చాలా ఊగిసలాడాను. "షాపులో అమ్మ చేతికే ఇచ్చి చూడండి" అన్నవాళ్ల మాటే పనిచేసింది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఫోన్ల షాపులుండే జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్తే, ఏ55 కాస్త బరువే అయినా 6.6 అంగుళాల స్క్రీన్ మీద అక్షరాలు హాయిగా చదివింది. పైగా పాత ఫోన్‌లోని మెమరీ కార్డు, మనవరాలి ఫోటోలన్నీ అందులోనే, దీంట్లో పట్టింది. పిక్సెల్‌కి ఆ స్లాటే లేదు. ఇక్కడే తేలిపోయింది. నేను వారం రోజులు చూసిన ప్రాసెసర్ స్కోర్లు, మెగాపిక్సెళ్లు అమ్మకి అసలు అక్కర్లేదు. బాక్స్‌లో ఛార్జర్ ఉండదు, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.