ట్యూబ్యులోఇంటర్‌స్టిషల్ నెఫ్రోపతీ: ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనాలి?

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏ వ్యాసం తెరిచినా ఈ మాటే అడ్డొస్తోంది. దీన్ని విడదీసి చదవడం ఎలాగ మాస్టారూ? కవిటి, సోంపేట వైపు పెద్దోళ్లకి చెప్పాలంటే తెలుగులో ఏటనాలి?

— మొదటి మాటకి ఏడు పలుకులండీ: ట్యూ-బ్యు-లో-ఇన్-టర్-స్టి-షల్. చివర 'షియల్' అంటే ఎనిమిదవుతాయి. 'స్పెషల్' అంటాం గాని 'స్పెషియల్' అనం కదా, ఇదీ అంతే. అసలు ఊనిక 'స్టి' మీద, కొంచెం 'ట్యూ' మీద. ఈ 'షల్' తోకకి ముందున్న పలుకే బరువు మోస్తుంది. 'రెసిడెన్షల్'లో 'డెన్' చూడండి. మనవాళ్లు 'ఇన్' మీద ఊనేసరికి ఇంటర్ పరీక్షలు గుర్తొస్తాయి! ఊనమంటే దీర్ఘం తియ్యమని కాదు. 'స్టీ' అనకండి, లఘువుగానే ఉంచి గట్టిగా పలకండి.

రెండోదానికి నాలుగు: ని-ఫ్రా-ప-థి. ఊనిక 'ఫ్రా' మీద. 'నెఫ్రోపతీ' అని రాసుకోవడం వల్ల 'రో' సాగుతోంది. 'నెఫ్రాలజీ' సరిగ్గానే అంటాం కాబట్టి అదే ఊపులో అనండి. నెఫ్రాన్‌లో మొదటి పలుకు మీద, నెఫ్రైటిస్‌లో 'ఫ్రై' మీద. ధాతువు ఒకటే, ఊనికను జరిపేది ప్రత్యయం.

— 'లో' తర్వాత 'ఇన్' రాగానే 'లోయింటర్' అనేస్తున్నాం. తప్పా?

— యడాగమం అండీ, తెలుగు నోటికి సహజం. అర్థం చెడదు, వదిలెయ్యండి.

— 'మూత్రనాళాంతర వ్యాధి' అంటే సరిపోదా?

— సరిపోదు. మూత్రనాళం అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం. ఇక్కడ లాటిన్ 'ట్యూబ్యులస్' అంటే బుల్లి గొట్టం, కిడ్నీ లోపలి నాళిక. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే బుల్లి యూనిట్లు. ఈ నాళికలు వాటిలో భాగమే. 'అంతర' ఇంకా ప్రమాదం: లోపల అనీ, నడుమ అనీ, దేశాంతరంలో లాగ 'మరొకటి' అనీ వస్తుంది. 'ఇంటర్' అంటే నడుమ, 'స్టిట్' మన 'స్థా'కి చుట్టం, నడుమ నిలిచినది. అసలు మెలిక ఆ 'ఓ'లో ఉంది. అది తత్పురుష కాదు, ద్వంద్వం. నాళికలూ, వాటి నడుమ కణజాలమూ రెండూ దెబ్బతిన్నాయని. 'నెఫ్రో' గ్రీకులో కిడ్నీ, 'పతీ' జబ్బు. 'ఐటిస్' అయితే వాపు అని తేల్చి చెప్పినట్టు. 'పతీ'లో ఆ హామీ లేదు.

పెద్దోళ్లకైతే 'కిడ్నీలో సన్నగొట్టాలూ, వాటి సందుల్లో కండా పాడవుతున్నాయి' అనండి, చాలు.

— రిపోర్టులో 'క్రియాటిన్' పెరిగిందంటారు, అదీ ఇలాంటిదేనా?

— అది క్రియాటినిన్, కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం. క్రి-యా-టి-నీన్, ఊనిక 'యా' మీద. ఒక పలుకు మింగేస్తే క్రియాటిన్ అనే వేరే పదార్థమవుతుంది. రెండూ గ్రీకు 'క్రెయాస్' నుంచే, మాంసం అని. సంస్కృతంలో 'క్రవ్యం' దాని తోబుట్టువు.