క్రికెట్‌కు, సినిమాకు, సీరియల్‌కు ఒకే పిక్చర్ సెట్టింగ్ సరిపోతుందా?

తూర్పు కిటికీ (ప్రశ్న)

మా హాల్లో 55 అంగుళాల 4కే ఎల్‌ఈడీ టీవీ ఉంది. తూర్పు వైపు పెద్ద కిటికీ ఉండటం వల్ల మధ్యాహ్నం వరకు గది నిండా ఎండ ఉంటుంది. రాత్రి మాత్రం లైట్లన్నీ ఆర్పి చూస్తాము. పగలు నాన్నగారు సెట్‌టాప్ బాక్సులో వార్తలు, క్రికెట్ చూస్తారు. సాయంత్రం అమ్మ అందులోనే సీరియళ్లు చూస్తుంది. రాత్రి మేము టీవీలోని యాప్‌లలో సినిమాలు పెట్టుకుంటాము. సెలవు రోజుల్లో తమ్ముడు కన్సోల్ తగిలిస్తాడు.

టీవీ బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ వివిడ్ మోడ్‌లో పెట్టి వెళ్లారు. అందులో మైదానం కళ్లకు కొట్టేంత పచ్చగా, మనుషుల ముఖాలు ఎర్రగా కనిపిస్తున్నాయి. రాత్రిపూట కళ్లు మండుతున్నాయి. సినిమా మోడ్‌కు మారిస్తే పగలు బొమ్మ మసకబారి, పసుపు తిరిగినట్టుందని అమ్మ అంటోంది. పైగా ఏ మోడ్‌లో పెట్టినా సినిమాలు ఎందుకో సీరియల్ షూటింగులా కనిపిస్తున్నాయి. చూసే దాన్ని బట్టి ప్రతిసారీ మోడ్ మార్చుకోక తప్పదా? రోజూ మెనూలోకి వెళ్లి మార్చడం నాన్నగారి వల్ల అయ్యే పని కాదు.

సర్వీసు బెంచి

తప్పకుండా మార్చవలసినవి రెండే రెండు. గదిలోని వెలుతురును బట్టి బ్యాక్‌లైట్‌ను (తెర వెనుక దీపాల వెలుతురు), చూసే కార్యక్రమాన్ని బట్టి మోషన్ సెట్టింగ్‌ను (కదలికను చూపే తీరు) మార్చుకోవాలి. రంగు, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ వంటివి ఒకసారి సరిచేసి వదిలేయవచ్చు. మీ ఇంట్లో ఒక సౌలభ్యం కూడా ఉంది: పగటి కార్యక్రమాలు సెట్‌టాప్ బాక్సు నుంచి, రాత్రి సినిమాలు టీవీ యాప్‌ల నుంచి, ఆటలు కన్సోల్ నుంచి వస్తున్నాయి. చాలా టీవీలు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు, యాప్‌లకు సెట్టింగులను విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి కనుక, ఒక్కో దారికి ఒక్కో అమరిక చేసి పెడితే నాన్నగారు రిమోట్‌లో మెనూ తెరవవలసిన అవసరమే రాదు. అయితే మెనూలో ‘అన్ని ఇన్‌పుట్‌లకు వర్తింపజేయి’ అనే అర్థం వచ్చే ఐచ్ఛికం ఉంటే దానిని ముందుగా ఆపేయాలి. లేకపోతే ఒకచోట చేసిన మార్పు మిగతా అన్నింటినీ చెరిపేస్తుంది.

వివిడ్ మోడ్ ఉన్నది దుకాణం కోసం. ట్యూబ్‌లైట్ల కింద వరుసగా పెట్టిన టీవీలలో కొనేవారి చూపు తన మీద పడాలని ఆ మోడ్‌లో తెలుపును నీలం వైపు నెట్టి, రంగులను చిక్కబరుస్తారు. సినిమాలకు, టీవీ కార్యక్రమాలకు రంగులు దిద్దేవారు ప్రమాణంగా తీసుకునే తెలుపు సుమారు 6500 కెల్విన్ (తెలుపు ఛాయను కొలిచే ప్రమాణం). మెనూలో ‘వార్మ్’ అని ఉండేది సాధారణంగా దానికి దగ్గరగా ఉంటుంది. నీలపు తెలుపుకు అలవాటుపడిన కంటికి అది మొదట పసుపుగా తోచడం సహజమే. అమ్మగారికి మరీ ఇబ్బందిగా ఉంటే సెట్‌టాప్ బాక్సు ఉన్న పోర్టుకు మాత్రం వార్మ్‌లోనే తక్కువ మెట్టు పెట్టండి, యాప్‌లకు పూర్తి వార్మ్ ఉంచండి.

రెండు చోట్లా సినిమా మోడ్‌తోనే మొదలుపెట్టండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే యాప్‌లకు అది ఇంకా మంచిది. టీవీ, సినిమా కంపెనీల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ 2019లో ప్రకటించిన ఆ మోడ్ మోషన్ స్మూతింగ్‌ను (కదలికను కృత్రిమంగా నునుపు చేయడం), అదనపు షార్ప్‌నెస్‌ను, నాయిస్ రిడక్షన్‌ను (బొమ్మలోని చుక్కలను చెరిపేయడం) ఒక్కసారిగా ఆపి, సినిమాను తీసిన కొలతలోనే చూపిస్తుంది. తర్వాత సెట్‌టాప్ బాక్సు పోర్టులో బ్యాక్‌లైట్‌ను పగటి వెలుతురుకు తగినంత పెంచండి, అవసరమైతే చివరిదాకా పెంచినా తప్పు లేదు. యాప్‌లలో రాత్రి చీకటిలో కళ్లకు హాయిగా ఉండేంతవరకు తగ్గించండి. కొన్ని టీవీలలో ‘బ్రైట్‌నెస్’ అని రాసి ఉన్నది బ్యాక్‌లైట్, మరికొన్నింటిలో అదే పేరుతో ఉన్నది నలుపు స్థాయి. దానిని పెంచినప్పుడు సినిమా పైన, కింద ఉండే నల్ల పట్టీలు బూడిద రంగులోకి మారితే అది నలుపు స్థాయి అన్నమాట. దానిని మొదట ఉన్న అంకెకే తిరిగి తెచ్చేయండి.

కాంట్రాస్ట్ పరీక్షించడానికి టెస్ట్ మ్యాచ్‌ను మించింది లేదు. ఎండలో నిలబడిన ఫీల్డరును దగ్గరగా చూపినప్పుడు తెల్ల చొక్కా మీది మడతలు, కుట్లు కనిపించాలి. అవి మాయమై చొక్కా అంతా ఒకే తెల్లని ముద్దగా ఉంటే అవి తిరిగి కనిపించేవరకు కాంట్రాస్ట్ తగ్గించండి. షార్ప్‌నెస్‌కు స్కోరు పట్టీలోని అక్షరాలను చూడండి. వాటి చుట్టూ సన్నని తెల్ల గీత కనిపిస్తోందంటే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టే, ఎందుకంటే ఆ గీతను ప్రసారం పంపలేదు, టీవీయే గీసింది.

సినిమాలు సీరియల్‌లా కనిపించడానికి కారణం మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ వాటి మధ్య తాను ఊహించిన ఫ్రేములను చొప్పిస్తుంది. కంపెనీని బట్టి మోషన్‌ఫ్లో, ట్రూమోషన్, ఆటో మోషన్ ప్లస్, ఎంఈఎంసీ అని రకరకాల పేర్లతో ఉంటుంది. యాప్‌లలో దానిని పూర్తిగా ఆపేయండి. క్రికెట్‌కు కూడా అది అక్కరలేదు, ఎందుకంటే మన హెచ్‌డీ చానళ్లు సెకనుకు 50 ఫీల్డులతో (సగం సగం ఫ్రేములతో) ప్రసారం చేస్తాయి కనుక కదలిక ముందే నునుపుగా ఉంటుంది. స్మూతింగ్ ఎక్కువగా ఉంటే వేగంగా వచ్చే బంతి చుట్టూ మసక వలయం ఏర్పడుతుంది, ఒక్కోసారి బ్యాటు దగ్గరకు రాగానే బంతి క్షణకాలం మాయమవుతుంది కూడా.

రెండో ఇన్నింగ్స్

పైన చెప్పినవాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను గానీ, క్రికెట్‌కు మోషన్‌ను పూర్తిగా ఆపమనడం అన్ని టీవీలకూ వర్తించదు. ‘కస్టమ్’ ఎంచుకుంటే కొన్ని టీవీలలో డీ-జడ్డర్, డీ-బ్లర్ అని రెండు మీటలు విడిగా వస్తాయి. మొదటిది 24 ఫ్రేముల సినిమాలోని కుదుపును తగ్గించడానికి, రెండవది 50, 60 ఫ్రేముల ప్రసారంలో కదిలేవాటి చుట్టూ కనిపించే మసకను తగ్గించడానికి. క్రికెట్ చూసే పోర్టులో డీ-జడ్డర్ సున్నా చేసి, డీ-బ్లర్ మధ్యస్థంగా ఉంచితే, కెమెరా బౌండరీ వైపు పరుగెత్తే బంతి వెంట తిరిగినప్పుడు ప్రేక్షకుల వరుసలు తేటగా కనిపిస్తాయి. సినిమాలో కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగేటప్పుడు కుదుపు మరీ బాధిస్తే డీ-జడ్డర్‌ను పదిలో ఒకటో రెండో పెట్టడం నేరమేమీ కాదు. అది దర్శకుడికి ద్రోహమనే వాదన నాకు కాస్త అతిగా తోస్తుంది.

ఒకే మ్యాచ్ సెట్‌టాప్ బాక్సులో సాఫీగా సాగుతూ, స్ట్రీమింగ్ స్టిక్‌లో మాత్రం క్రమం తప్పకుండా చిన్న కుదుపు ఇస్తుంటే లోపం టీవీది కాదు. ఆ స్టిక్ 60 హెర్ట్జ్‌లో పనిచేస్తూ 50 ఫ్రేముల బొమ్మను అందులో ఇరికించడం వల్ల అలా జరుగుతుంది. స్టిక్ డిస్‌ప్లే సెట్టింగులలో ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ వంటిది ఉంటే ఆన్ చేయండి.

పాత యాంటెన్నా

అందరూ రంగుల గురించే మాట్లాడుతున్నారు గానీ, పాత సినిమాలు చూసేవారికి ముందు సరిచేయవలసింది బొమ్మ కొలత. తెలుగులో సినిమాస్కోప్ 1974లో వచ్చింది. అంతకుముందరి చిత్రాలు దాదాపు 4:3 కొలతలో ఉంటాయి. వాటిని తెర నిండా సాగదీసి చూస్తే ముఖాలు గుమ్మడికాయల్లా కనిపిస్తాయి. రెండు పక్కలా నల్ల పట్టీలు మిగిలినా సరే, అసలు కొలతలోనే చూడాలి. అలాగే స్కోప్ సినిమాలో పైన, కింద పట్టీలు వస్తున్నాయని జూమ్ చేస్తే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సన్నివేశంలో ఇద్దరూ సగం సగం కోతపడతారు.

నాన్నగారు వార్తలు చూస్తారన్నారు కనుక మరొక మాట. అడుగున పరుగెత్తే వార్తల పట్టీ సగం తెగి కనిపిస్తే పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ ఎంచుకోండి. ఇంకా 576 గీతల ఎస్‌డీ చానళ్లు చూస్తున్నట్లయితే ఆ ఒక్క పోర్టులో నాయిస్ రిడక్షన్ ‘లో’లో ఉంచడం మేలే.

తూర్పు కిటికీ

అందరికీ ధన్యవాదాలు. సెట్‌టాప్ బాక్సుకు, యాప్‌లకు విడివిడిగా అమర్చాను. సినిమాల్లో సీరియల్ వాసన పోయింది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. కొన్ని సినిమాలు మొదలవగానే తెర మూలన హెచ్‌డీఆర్ అనో డాల్బీ విజన్ అనో గుర్తు వస్తుంది, వెంటనే నేను పెట్టిన సెట్టింగులన్నీ పోయి బొమ్మ చీకటిగా మారుతుంది. రెండవది, రాత్రి దీపం ఆర్పినప్పుడల్లా తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతోంది.

సర్వీసు బెంచి

మీ సెట్టింగులు ఎక్కడికీ పోలేదు. మామూలు బొమ్మకు, వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌కు, అందులోనే ఒక రకమైన డాల్బీ విజన్‌కు టీవీ వేర్వేరు జ్ఞాపకాలు ఉంచుకుంటుంది కనుక, అటువంటి సినిమా నడుస్తుండగానే మెనూ తెరిచి వాటిని మరొకసారి అమర్చుకోవాలి. హెచ్‌డీఆర్‌లో బ్యాక్‌లైట్‌ను చివరిదాకా ఉంచండి, రాత్రయినా సరే. అందులో ప్రతి బిందువూ ఎంత వెలగాలో సినిమాలోనే రాసి ఉంటుంది, టీవీ ఆ అంకెలను అందుకోవడానికి ప్రయత్నిస్తుంది. చాలా సినిమాలను 1000 నిట్‌ల (తెర వెలుతురుకు కొలమానం) వెలుతురు ఇవ్వగల తెర మీద సిద్ధం చేస్తారు. అందులో మూడో వంతు కూడా ఇవ్వలేని టీవీ మెరుపులను కాపాడుకోవడానికి మొత్తం బొమ్మను కిందికి దించుతుంది, మీకు చీకటిగా కనిపిస్తున్నది అదే. సన్నివేశాన్ని బట్టి వెలుతురును సర్దే డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఉంటే ఆన్ చేయండి. డాల్బీ విజన్‌లో ‘డార్క్’ బదులు ‘బ్రైట్’ ఎంచుకోండి.

వెలుతురు దానంతటదే తగ్గడం గది వెలుతురును కొలిచే సెన్సరు పని. దాని సెట్టింగు పిక్చర్ మెనూలో కాకుండా పవర్ సేవింగ్ లేదా ఎకో మెనూలో ఉంటుంది. రాత్రికి విడిగా సెట్టింగు పెట్టుకున్నారు కనుక దానిని ఆపేయవచ్చు.

తమ్ముడి కన్సోల్ పోర్టును గేమ్ మోడ్‌లో ఉంచండి. మిగతా మోడ్‌లలో బొమ్మను దిద్దడానికి టీవీ సమయం తీసుకుంటుంది, అందువల్ల బటన్ నొక్కిన తర్వాత కదలిక ఆలస్యంగా కనిపిస్తుంది. కన్సోల్, టీవీ రెండింటిలోనూ ఆటో లో లేటెన్సీ మోడ్ ఉంటే ఆట మొదలవగానే టీవీ దానంతటదే గేమ్ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ మోడ్‌లో కూడా రంగును వార్మ్‌కు మార్చుకోవచ్చు, దానివల్ల ఆలస్యం పెరగదు.