క్యాప్ బిగించే ముందు ట్రక్కు బెడ్ మొత్తం సీల్ చేయాలా, డ్రెయిన్ కన్నాలు వదిలేయాలా?

ప్లేనో_పికప్:
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. బండి 2012 మోడల్ పికప్, స్టీలు బెడ్ (వెనక సామాన్లు వేసే తొట్టి), ఆరున్నర అడుగులు. వచ్చే నెల ఫైబర్‌గ్లాస్ క్యాప్ బిగిస్తామన్నారు. తెలియనివాళ్ళకి: క్యాప్ అంటే వెనక బెడ్ మీద బోర్లించే కప్పు. పక్కల కిటికీలు, వెనక పైకి లేచే గాజు తలుపు ఉంటాయి. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఇక్కడే టెక్సాస్‌లో ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్ళి రెండు రాత్రులు నేనూ మా వాడూ అందులోనే పడుకోవాలని ప్లాను.

షాపు అతను "కప్పు కారదు, గ్యారంటీ" అన్నాడు. మరి బెడ్ సంగతేంటి అంటే నవ్వి ఊరుకున్నాడు. టెయిల్‌గేట్ (బెడ్ వెనక కిందికి తెరుచుకునే తలుపు) పక్క సందులో నా చిటికెన వేలు దూరిపోతోంది. ముందు మూలల్లో అటొకటి ఇటొకటి డ్రెయిన్ కన్నాలు. ఒక స్నేహితుడు అన్నీ మూసెయ్ అంటాడు, ఇంకొకడు కన్నాలు ముట్టుకోకు, బెడ్ తుప్పు పడుతుంది అంటాడు. క్యాప్ ఎక్కాక లోపల పాకుతూ పని చేయాలి, అందుకే ముందే తేల్చుకోవాలి. మీరేం చేశారు?

హో_వానలు:
మూసెయ్ తమ్ముడూ, ఆలోచించకు. నేను రెడ్‌మండ్‌లో ఉంటా. మొదటి ఏడాది క్యాప్ బిగించుకుని సరాసరి ఒలింపిక్ నేషనల్ పార్కులో హో అడవికి పోయాం. అక్కడ ఏడాదికి 140 అంగుళాల దాకా వాన. తెల్లారేసరికి పరుపు తల దగ్గర తడి, కాళ్ళ దగ్గర తడి, మధ్యలో నేను. కప్పు నుంచి చుక్క కూడా కారలేదు. నీళ్ళన్నీ బెడ్ నుంచే.

ఇంటికొచ్చాక రాత్రి గరాజ్ లైట్లు ఆర్పేసి మా బామ్మర్దిని లోపల పడుకోబెట్టా. బయట నేను టార్చి పట్టుకుని అంగుళం అంగుళం తిప్పా. "ఇక్కడ వెలుగు, ఇక్కడ వెలుగు" అని అరుస్తూనే ఉన్నాడు. టెయిల్‌గేట్ చుట్టూ ఉంటుందని తెలుసు. ముందు గోడ పైన, క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) వైపు, రెయిల్ (బెడ్ గోడ పై అంచు) మీది ప్లాస్టిక్ తొడుగు కింద సన్నటి గీతలా వెలుగు వచ్చింది. అది నేను కలలో కూడా అనుకోలేదు. రోడ్డు మీద పోతుంటే క్యాబ్ వెనక నుంచి దిగిన వాన నీరు ఆ గీతలోకే పోతుంది. క్యాప్ కింద వేసే నురుగు పట్టీ ప్లాస్టిక్ తొడుగు మీద కూర్చుంటుంది. తొడుగు కింద సందు ఉంటే ఆ పట్టీ ఏం చేస్తుంది?

నేను మూసినవి: ముందు గోడ పైభాగం, స్టేక్ పాకెట్లు (రెయిళ్ళ మీద చదరపు కన్నాలు), టెయిల్‌గేట్ మూడు వైపులా, డ్రెయిన్ కన్నాలు రెండూ. మూడేళ్ళయింది. పొడి.

అలుగు_పోసింది:
మాది సిద్దిపేట దగ్గర, ఇప్పుడుండేది షికాగో శివార్లలో. నా మాట వినండి. చెరువుకి కట్ట ఎంత గట్టిగా ఉన్నా అలుగు ఉంచుతారు. ఎందుకు? నీళ్ళు రావని కాదు, వస్తాయి కాబట్టి. మీరు ఎంత సీల్ చేసినా నీళ్ళు ఎక్కడో ఒకచోట దూరతాయి. తడి బూట్లు, ఐస్ పెట్టె, గొడుగు, కుక్క, ఇవన్నీ మీరే లోపలికి తెస్తారు. డ్రెయిన్ మూసేస్తే అవి పోయే దారేది?

మా పక్కింటాయన ప్లాస్టిక్ లైనర్ వేసి, కన్నాల్లో రబ్బరు బిరడాలు కొట్టి మూడు శీతాకాలాలు తిప్పాడు. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు లైనర్ కింద నిలిచిపోయి, తీసి చూస్తే బెడ్ అప్పడంలా పొరలు పొరలుగా లేచింది. గోరుతో గీకితే రాలింది.

హో_వానలు:
అలుగు అన్నా, పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది. అలుగు మీంచి నీళ్ళు బయటికే పోతాయి. నీ డ్రెయిన్ కన్నం బండి పొట్ట కింద ఉంది. చక్రం చిమ్మే నీళ్ళు కిందనుంచి పైకి కొడతాయి. హైవే మీద వానలో పోతే అది అలుగు కాదు, ఫౌంటెన్.

పక్కింటాయన బెడ్‌కి చేటు చేసింది బిరడా కాదు, లైనర్. రెయిళ్ళ మీదికి వచ్చే ఆ ప్లాస్టిక్ తొట్టి కింద ఎప్పుడూ చెమ్మే. నీ కథలో దొంగ ఒకడు, శిక్ష ఇంకొకడికి.

అలుగు_పోసింది:
కన్నాలు తెరిచి ఉంటే లైనర్ కింది నీళ్ళు కనీసం పోయేవి కదా. ఆ మాటకి జవాబు చెప్పు.

పానా_బాబాయ్:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను బాడీ షాపులో పదకొండేళ్ళుగా పని చేస్తున్నా. ముందు అడగాల్సింది బెడ్ దేనితో చేసింది అని. 2005 తర్వాతి టొయోటా టాకోమాల్లో బెడ్ లోపలి భాగం కాంపోజిట్ (ప్లాస్టిక్ లాంటిది), దానికి తుప్పు భయం లేదు. ఫోర్డ్ ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియం. ఎర్ర తుప్పు రాదు గానీ స్టీలు బోల్టు తగిలిన చోట ఉప్పు నీళ్ళు చేరితే తెల్లగా పొడి పొడిగా తినేస్తుంది. ప్లేనో అబ్బాయిది స్టీలు. కాబట్టి అలుగు గారి భయం అతని విషయంలో నిజమే, హో గారి బండికి ఎలా ఉన్నా.

రెండోది, సిలికాన్ జోలికి పోకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే చవక సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది కదా, అది ఎసిటిక్ ఆమ్లం. రంగు పోయిన ఇనుము మీద పూస్తే మీరే తుప్పుకి బొట్టు పెట్టి పిలిచినట్టు. పైగా తర్వాత దాని మీద పెయింటు అంటదు. మా దగ్గరికి అలాంటి బండి వస్తే గీకలేక చస్తాం. అతుకులకి పాలీయురెథేన్ సీలెంట్ వాడండి. తర్వాత ఎప్పుడైనా విప్పాల్సిన చోట బ్యూటైల్ టేపు, అది గట్టిపడదు, లాగితే వచ్చేస్తుంది. టెయిల్‌గేట్‌కి ఈపీడీఎం (ఎండకీ వానకీ తట్టుకునే రకం) రబ్బరు పట్టీ. దుకాణంలో చవగ్గా దొరికే మెత్తటి స్పాంజి పట్టీ వద్దు, అది నీళ్ళు తాగి కూర్చుంటుంది.

అన్నిటికంటే ముందు తుడవడం. ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, ఆరాక అంటించండి. నేను చూసిన ఊడిపోయిన సీళ్ళలో సగానికి పైగా బండికి పూసిన పాలిష్ మైనం మీద అంటించినవే.

ప్లేనో_పికప్:
బాబాయ్, థాంక్స్. టెయిల్‌గేట్ పట్టీ ఎంత మందం తీసుకోమంటారు? మందంగా ఉంటే బాగా మూస్తుంది కదా అనుకున్నా.

పానా_బాబాయ్:
అక్కడే తప్పులో కాలేస్తారు. మందం ఎక్కువైతే గేటు లాచ్ పడదు, ధడేల్‌మని కొట్టాల్సి వస్తుంది, ఏడాదిలో లాచ్ సర్దుబాటు చెడుతుంది. ముందు చపాతీ పిండి ముద్దలు నాలుగైదు చోట్ల పెట్టి, మీద పాలిథిన్ కాగితం వేసి గేటు మూసి తెరువు. పిండి ఎంత మందాన నొక్కుకుందో కొలువు. దానికంటే కొంచెం ఎక్కువ మందం చాలు. ఇంట్లో పిండి అడిగితే ఎందుకని అడుగుతారు, అది నీ సమస్య.

నెల్లూరు_వీక్రాస్:
ఇండియా నుంచి. నాది ఇసుజు వీ-క్రాస్ పికప్, మా ఊరికి దగ్గర్లోనే శ్రీసిటీలో తయారైన బండి. ఇక్కడ క్యాప్ అనరు, క్యానపీ అంటారు. మీరంతా నీళ్ళ గురించే కొట్టుకుంటున్నారు, దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. తోటలోంచి ఆరు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. టెయిల్‌గేట్ కింద సందు మూయకముందు వెనక పెట్టిన నిమ్మకాయ బస్తాలు ఇటుకల్లా వచ్చేవి. ముందుకి పోయే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, అక్కడ సుడి తిరుగుతూ దుమ్ముని సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. గేటు కింద పట్టీ వేశాక సగం తగ్గింది. మిగతా సగం క్యానపీ ముందు వైపు కిటికీ కొద్దిగా తెరిచి పెడితే తగ్గింది. ముందు నుంచి గాలి వస్తే లోపల ఒత్తిడి నిలబడుతుంది, వెనక పీల్చుకోవడం ఆగుతుంది.

బిగ్ బెండ్‌లో కూడా మట్టి దారులు ఉన్నాయని విన్నా.

హో_వానలు:
ఇది నేను ఒప్పుకుంటా. మా దగ్గర దుమ్మే ఉండదు, అందుకే తట్టలేదు.

రాత్రి_చెమ్మ:
మూడో వైపు నుంచి ఒక మాట. మొత్తం బిగించి లోపల ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి కప్పు లోపలంతా చెమటలు పడుతుంది. మన ఊపిరిలోని ఆవిరే చల్లటి ఫైబర్‌గ్లాస్‌కి తగిలి చుక్కలవుతుంది. కొలరాడోలో ఒక రాత్రి ముఖం మీద చుక్క పడి లేచి, కప్పు కారుతోందని షాపువాడిని తిట్టుకున్నా. బయట ఆకాశం నిండా నక్షత్రాలు, మబ్బు తునక లేదు. నా ఊపిరే నా మీద పడింది. అప్పట్నుంచి రెండు పక్కల కిటికీలు అర అంగుళం తెరిచే పడుకుంటా, మంచు పడుతున్నా సరే.

ఇంకోటి. చలికి గ్యాస్ హీటర్ లోపల పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. బండి ఇంజన్ ఆన్‌లో ఉంచి వెనక పడుకోవడం కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. అలారం ఒకటి కొని తల దగ్గర పెట్టుకోండి. పిల్లవాడు ఉంటాడంటున్నారు.

అలుగు_పోసింది:
చెమ్మ గారు నా పని తేలిక చేశారు. ఆ చుక్కలన్నీ గోడల మీంచి దిగి ఎక్కడికి చేరతాయి? పరుపు కింద నేల మీదికి. అక్కడి నుంచి?

హో_వానలు:
తువ్వాలుతో తుడుస్తాం.

అలుగు_పోసింది:
పరుపు కింద తుడుస్తావా రోజూ? నిజం చెప్పు.

హో_వానలు:
...వారానికోసారి.

ప్లేనో_పికప్:
శనివారం ప్రయోగం చేశా. బెడ్ మీద నల్ల టార్పాలిన్ కప్పి, కింద దూరి పడుకున్నా. మా వాడు బయట టార్చి తిప్పాడు. మొత్తం తొమ్మిది చోట్ల వెలుగు. ముందు గోడ పైన హో అన్న చెప్పిన గీత ఉంది, నాకూ షాకే. గేటు కింద అంచు పొడవునా. స్టేక్ పాకెట్లు నాలుగు. కుడి చక్రం గూడు పైన అతుకులో సూదిమొన అంత చుక్క, అది ఫ్యాక్టరీ సీలెంట్ పగిలిన చోటు. ఆ పక్కనే గోధుమ రంగు చార కనిపించింది, అంటే ఎప్పట్నుంచో నీళ్ళు పోతున్నాయి. మిగతా రెండు ఆ డ్రెయిన్ కన్నాలే.

తర్వాత హోస్‌తో వెనక చక్రాల వైపు కిందనుంచి పైకి కొట్టించా. డ్రెయిన్ కన్నాల్లోంచి చిన్న చిన్న చుక్కలు ఎగిరి పడ్డాయి. ఫౌంటెన్ అంతా కాదు, పోపు చిటపటలాగా. హో అన్నా, కాస్త ఎక్కువ చెప్పావు.

ఇక ఇంకో సంగతి. టార్పాలిన్ తీసి బకెట్ నీళ్ళు పోసి చూశా. ఖాళీ బండి వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉంటుంది కదా, నీళ్ళన్నీ ముందు మూలలకే పోయాయి, సరిగ్గా డ్రెయిన్ల దగ్గరికి. గేటు వైపు ఒక్క చుక్క రాలేదు. అంటే గేటు సీల్ చేసినా చేయకపోయినా లోపలి నీళ్ళకి దారి ముందు మూలలే. ఇది చూశాక మూసేయాలంటే మనసొప్పలేదు.

కాబట్టి ముందు గోడ, అతుకు, పాకెట్లు, గేటు అన్నీ మూసేస్తున్నా. అతుకులో తుప్పు గీకి ప్రైమర్ వేసి మరీ. డ్రెయిన్లకి మాత్రం లాగితే వచ్చే రబ్బరు బిరడాలు. వానలో రోడ్డెక్కితే పెడతా, బండి ఆగాక తీసేస్తా.

అలుగు_పోసింది:
బిరడా పెట్టడం గుర్తుంటుంది తమ్ముడూ. తీయడమే గుర్తుండదు. బిరడాకి ఎర్ర దారం కట్టి, రెండో కొస గేటు తాళం చెవికి కట్టు.

హో_వానలు:
మళ్ళీ చెప్తున్నా, పెట్టి వదిలెయ్. పోపు చిటపటలు హోస్‌తో. గంటకి డెబ్భై మైళ్ళ మీద, పక్కన పద్దెనిమిది చక్రాల లారీ పోతుంటే అప్పుడు చూసి చెప్పు.

పానా_బాబాయ్:
క్యాప్ వచ్చాక దాని వెనక పైన ఉండే థర్డ్ బ్రేక్ లైటు వైరు ఎక్కడ నుంచి తీస్తున్నారో నిలబడి చూడు. కొందరు ముందు గోడకి చిల్లు పెట్టి వదిలేస్తారు. నువ్వు ఇంత కష్టపడి మూసిన గోడకే. రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకి తొడిగే రింగు) వేయమని అడుగు, లేదంటే పాత చిల్లు ఏదైనా ఉంటే దాంట్లోంచే తీయమను.

ప్లేనో_పికప్:
అడుగుతా బాబాయ్. పిండి ముద్దల పరీక్ష కూడా అయింది. ఆ రాత్రి మా ఇంట్లో చపాతీలు లేవు.