విల్లు కర్రకు ఏడాది ఎండు తప్పదా? బెంగళూరులో నాలుగు నెలలు చాలవా?

కేఆర్‌పురం వాసి:
అందరికీ నమస్కారం. అత్తగారి ఊరు శిడ్లఘట్ట పక్కన. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తోటలో మల్బరీ. మార్చిలో పాత తోట పీకేసి కట్టెలకు అమ్ముతుంటే మణికట్టంత లావున్న కర్రలు ఆరు ఏరి తెచ్చుకున్నాను. జిగురూ ఫైబరూ లేకుండా, ఒకే బద్దతో, నా చేత్తో చేసిన విల్లు ఒకటి ఇంట్లో ఉండాలని చాలా రోజుల కోరిక.

అందులో రెండు పోయాయి. మొదటిది బెరడు తీసి మేడ మీద పెడితే తొమ్మిదో రోజుకి ఈ చివర నుంచి ఆ చివరకు నెర్రె విచ్చింది. రెండోదాన్ని చీల్చి నీడలో ఉంచి, జులైలో చెక్కాను. పది బాణాలు వేసి నారి విప్పితే వంపు అలాగే ఉండిపోయింది, మూడు వేళ్ల ఎత్తున. తెలిసిన పెద్దాయన "కర్రకు ఏడాది తిరగాలి, అప్పటిదాకా ముట్టుకోకు" అన్నారు. ఇక్కడేమో కొందరు నాలుగు నెలలకే చేశామంటున్నారు. మిగిలినవి నాలుగే. వాటికి చివర్లలో పెయింట్ వేసి, బెరడుతోనే మంచం కింద పెట్టాను. ఇప్పుడు అక్టోబరు. ఏం చేయమంటారు?

చిత్రిక:
ఏడాది ఆగండి. మా తాత మార్కాపురం వైపు వడ్రంగి. నాగలికైనా బండికైనా ముందటేడు కొట్టిన తుమ్మనే ఈ ఏడు బాడిశ కిందకు తెచ్చేవాడు. దుంగలు పొయ్యి పైన అటక మీద ఉండేవి. ఆ పొగకు పురుగు దరి చేరేది కాదు. అంగుళం మందానికి ఏడాది అనే లెక్క ఊరికే పుట్టలేదు. పైన ఎండినట్టు కనిపించే కర్ర లోపల పచ్చిగా ఉంటుంది. మీ రెండో విల్లుకు జరిగింది అదే. తొందరపడి మిగిలిన నాలుగూ పాడు చేసుకోకండి.

తూనిక:
చిత్రిక గారూ, మీ తాతగారి లెక్క తప్పనను. అది దుంగకు సరైన లెక్క. విల్లు బద్ద మాత్రం బొటనవేలంత మందమే ఉంటుంది. చీల్చి, కాస్త దిట్టంగా చెక్కి ఉంచితే దుంగకు ఏడాదిలో పోయే నీరు దానికి కొన్ని వారాల్లోనే పోతుంది.

అసలు కర్ర ఎంతవరకు ఎండుతుందో తేల్చేది చుట్టూ ఉన్న గాలి. గాలిలో తేమ 50 శాతం ఉంటే కర్రలో తేమ దాదాపు 9 శాతం దగ్గర ఆగిపోతుంది. 65 ఉంటే 12, 80 ఉంటే 16. అక్కడి నుంచి ఎన్నేళ్లు ఉంచినా దిగదు. విల్లుకు 8 నుంచి 10 మధ్య ఉండాలి. అంతకన్నా తేమగా ఉంటే వంగిన చోటే ఉండిపోతుంది, 6 కన్నా తగ్గితే పుటుక్కున విరుగుతుంది. మన బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, జులైలో చెమ్మ. ఆ జులైలో మీరు ఏడాది కర్రే చెక్కి ఉన్నా వంపు ఉండిపోయేదే.

మొదటి కర్ర పగలడానికి కారణం వేరు. గుండ్రటి కర్ర చుట్టు వెంబడి ఎంత కుంచించుకుంటుందో, నడిమి నుంచి అంచు వైపు అందులో సుమారు సగమే కుంచించుకుంటుంది. పైగా బెరడు తీసి ఎండలో పెడితే పైపొర ముందు ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా పచ్చి. ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. చివర్లలోంచి నీరు పక్కల కన్నా చాలా వేగంగా పోతుంది కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. మిగిలిన వాటికి చివర్లలో పెయింట్ వేసి మంచి పని చేశారు.

నేను చేసే పద్ధతి ఇది. తెచ్చిన రోజే గొడ్డలితో, చెక్క చీలలతో పీచు వెంబడి చీలుస్తాను. రంపం పట్టను, రంపం పీచును అడ్డంగా తెంపుతుంది. విల్లు ఆకారానికి రెండింతల మందంలో బాడిశతో చెక్కి, చివర్లకు జిగురు పూసి, మెలి తిరగకుండా తిన్నటి పలకకు కట్టి నీడలో పెడతాను. ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద తూచి గోడ మీద రాస్తాను. మూడు వారాలు బరువు మారకపోతే కర్ర గాలితో సమానమైనట్టే. అనుమానం ఉంటే ఓ చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. 56 గ్రాములది 50కి వచ్చిందనుకోండి, పోయిన 6ని 50తో భాగిస్తే 12 శాతం.

ఇంకో మాట. మల్బరీని చిన్నచూపు చూడకండి. అమెరికా ఆదివాసులు విళ్లకు ఎంతో ఇష్టపడిన ఓసేజ్ ఆరెంజ్ చెట్టుది మల్బరీ కుటుంబమే. కొరియా వాళ్ల కొమ్ము విల్లులో కొసలకు మల్బరీ కర్రే వాడతారు. మన పట్టు రైతులు పొయ్యిలో పెడుతున్నది అంత మంచి కర్ర.

వేళచ్చేరి:
చెన్నై నుంచి నా అనుభవం చెబుతాను. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు మా కాంపౌండ్‌లో చింతచెట్టు పడింది. ఒక కొమ్మ ఉంచుకున్నాను. పీచు మెలికలు తిరిగి గొడ్డలికి చీలలేదు, రంపంతోనే కోయించాల్సి వచ్చింది. రెండేళ్లు మెట్ల కింద ఉంచాను. ఏడాది కాదు, రెండేళ్లు! అయినా చెక్కితే వంపు ఉండిపోయింది. ఈ సముద్రపు గాలిలో ఇంకెన్నాళ్లున్నా అంతే అనిపించి అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు పెట్టి, బద్దను బల్బుకు తగలకుండా మూడు వారాలు ఉంచాను. 870 గ్రాములది 825 అయింది. మళ్లీ చెక్కాను, వంపు ఒక వేలు కూడా లేదు.

చిత్రిక:
వేళచ్చేరి గారి మాటతో రెండేళ్లు కూడా చాలవని ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ బల్బు పెట్టె అంటే నాకు భయమే. పచ్చి బద్దను అందులో పెట్టిన కుర్రాణ్ణి చూశాను, పదిహేను రోజులకు లోపల సన్నటి నెర్రెలు. పైకి కనపడలేదు, ఎక్కుపెట్టాక ముఖం దగ్గరే విరిగింది. కంటికి తగలకపోవడం అదృష్టం. మొదటి నెలలు నీడలో, నిదానంగా ఎండాలి. ఆ విషయంలో నా మాట మారదు.

తూనిక:
అందులో నాకూ మీ మాటే. బరువు నిలబడ్డాకే పెట్టె, ముందు కాదు. అందరూ ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, విరిగేది మన ముఖం ముందు.

వెదురుపొద:
ఇంత టెన్షన్ ఎందుకండీ, వెదురు ఉండగా? మన ఏజెన్సీలో కోయవాళ్లు వెదురు విళ్లతోనే కదా వేటాడింది. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఇప్పటికీ వెదురు విళ్లతోనే, 50 మీటర్లు, 30 మీటర్లు. గుల్ల తక్కువున్న గట్టి వెదురు, మూడు నాలుగేళ్ల బొంగు తీసుకుని నిలువునా చీల్చండి. నీరు లోపలి వైపు నుంచి తేలిగ్గా పోతుంది కాబట్టి త్వరగా ఎండుతుంది. నున్నటి పైతొక్క వైపు గీత కూడా పడనివ్వకండి, బాణం పోయే దిక్కుకు అదే ఉండాలి. అమావాస్య రోజు కొట్టాలన్నది మా ఊరి మాట.

తూనిక:
వెదురుకు అసలు శత్రువు పిండి పురుగు. బొంగులో ఉన్న పిండి పదార్థమే దాని తిండి. కొత్త పిలకలు వేసే వానాకాలంలో కొట్టకుండా, వానలు వెళ్లాక చలికాలంలో కొట్టి, కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టండి. బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లయితే ఇంకా మంచిది. కాలం తేడా పని చేస్తుందని నమ్ముతాను. అమావాస్య ఒక్కటీ చేస్తుందని నమ్మను.

వెదురుపొద:
మా నాన్న అమావాస్యకు కొట్టిన నిచ్చెన పాతికేళ్ల నుంచి ఉంది. నేను అలాగే కొడతాను.

జయనగర్ నీడ:
బన్నేరుఘట్ట వైపు రాలిన కొమ్మలు తెచ్చుకోవచ్చా అని ఎవరో మెసేజ్‌లో అడిగారు, అందరికీ ఇక్కడే చెబుతున్నాను. అది నేషనల్ పార్క్. అక్కడ పుల్ల కూడా ముట్టుకోకండి. ఊళ్లో సొంత స్థలమైనా చాలా చెట్లకు 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. రోడ్డు మీద పడిన చెట్టుకైనా అడిగే తీసుకోండి. వెదురు విషయంలో 2017 నుంచి కొంచెం తేలిక, అడవి బయట పెంచిన వెదురును అటవీ చట్టం చెట్టుగా లెక్కేయదు. రైతు పీకేసిన మల్బరీ తెచ్చుకున్న మీ దారే అన్నిటికన్నా మంచిది. చెట్టుకు దెబ్బ లేదు, రైతుకు నాలుగు డబ్బులు.

కేఆర్‌పురం వాసి:
అందరికీ చాలా కృతజ్ఞతలు. నిన్న నాలుగూ బయటకు తీశాను. మూడు తూచి రాసుకున్నాను. 2,310, 2,140, 1,980 గ్రాములు. నాలుగోదాని కింద నేల మీద పసుప్పచ్చ పిండి, బెరడు మీద గుండుసూది మొనంత రంధ్రాలు. దాన్ని పారేయాలా?

చిత్రిక:
తొందరపడి పారేయకండి. ముందు మిగతా మూడింటి నుంచి దూరం పెట్టండి, వాటికీ ఈ రోజే బెరడు తీసి చూడండి. ఆ పిండి రాల్చే పురుగు పైనుండే తెల్ల చెక్కను తింటుంది, చేవను, అంటే నడిమి గట్టి చెక్కను, సాధారణంగా ముట్టదు. తెల్లదంతా చెక్కేసి పసుపు చేవ కనపడేదాకా వెళ్లండి.

కేఆర్‌పురం వాసి:
చెక్కాను చిత్రిక గారూ. వేలు మందం తెల్ల చెక్క అంతా జల్లెడే. చేవ మీద ఒక్క రంధ్రం లేదు. మూడు వేళ్ల వెడల్పు మిగిలింది, పిల్లల విల్లుకు సరిపోతుంది. నాలుగూ చీల్చి, పలకలకు కట్టి, వంటగది పైన అటక మీద పెట్టాను. ఆదివారం ఆదివారం తూచి అంకెలు ఇక్కడే పెడతాను. ఫిబ్రవరి దాకా బాడిశ ముట్టుకోను.