బెంగళూరును ఎలక్ట్రిక్ బండిపై చూడాలనుకుంటున్నాము: లైసెన్సు, ఛార్జింగు, దారుల గురించి సలహా కావాలి

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి కార్తీక మాసంలో కొద్ది రోజులు బెంగళూరులో గడపాలని అనుకుంటున్నాము. మెజెస్టిక్ దగ్గర గాంధీనగర్‌లో లాడ్జి మాట్లాడుకున్నాము. ఇదివరకు ఎప్పుడు వచ్చినా ఆసుపత్రి పనో, పెళ్ళి పనో చూసుకుని, ఆటోల్లో తిరిగి, తిరుగు రైలెక్కడమే తప్ప ఊరిని తీరికగా చూసింది లేదు. ఈసారి బసవనగుడి, లాల్‌బాగ్, మల్లేశ్వరం, కబ్బన్ పార్కు ప్రాంతాలను ఎలక్ట్రిక్ బండి అద్దెకు తీసుకుని, నచ్చిన చోట ఆగుతూ చూడాలన్నది మా ఆలోచన.

నాకు ద్విచక్ర వాహన లైసెన్సు ఉంది, అమ్మాయికి లేదు. రోడ్ల పక్కన వరుసగా నిలిపి ఉంచే చిన్న ఎలక్ట్రిక్ బండ్లకు లైసెన్సు అక్కరలేదని విన్నాను, అది నిజమేనా? పెద్ద స్కూటరు తీసుకుంటే లాడ్జిలో ఛార్జింగు ఎలా పెట్టుకోవాలి? వీలైతే ఒక ఉదయం నంది కొండకు కూడా అదే బండిపై వెళ్ళి రావచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (బసవనగుడి నివాసి)

లైసెన్సు విషయంలో మీరు విన్నది నిజమే. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, నిబంధనల్లోని మిగిలిన షరతులకు కూడా లోబడి తయారైన బ్యాటరీ బండిని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మోటారు వాహనంగా పరిగణించవు. అందువల్ల దానికి రిజిస్ట్రేషన్ గానీ, నడిపేవారికి లైసెన్సు గానీ అవసరం లేదు. ఇక్కడ వీధుల్లో మీరు చూసిన, యులు అనే సంస్థ యాప్ ద్వారా అద్దెకిచ్చే బండ్లు ఈ కోవకు చెందినవే. అయితే వాటిపై ఒక్కరే కూర్చోవాలి. మీ ముగ్గురికీ మూడు బండ్లు కావాలి, లేదా మీరు, అమ్మాయి చెరొకటి తీసుకుంటే మీ శ్రీమతిగారు నడవాల్సి వస్తుంది.

అసలు సలహాకు వస్తాను. ఊరంతా ఒకే బండిపై చుట్టాలని అనుకోకండి. పేటకు, పేటకు మధ్య దూరాన్ని మెట్రోలో దాటి, ఒక్కొక్క పేట లోపల మాత్రం చిన్న బండిపై తిరగండి. బెంగళూరులో చూడదగినవి దూరదూరంగా గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు నుంచి మరో గుంపుకు వెళ్ళే పెద్ద రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగంతో, వెనుక సిటీ బస్సు హారన్ మోగిస్తుండగా వెళ్ళడంలో ఊరిని చూసే సుఖమేమీ లేదు. మీరు దిగే మెజెస్టిక్‌లో పర్పుల్, గ్రీన్ లైన్లు రెండూ కలుస్తాయి. గ్రీన్ లైనులో దక్షిణంగా చిక్‌పేట, కె.ఆర్.మార్కెట్ దాటగానే వచ్చే నేషనల్ కాలేజీ స్టేషనులో దిగితే బసవనగుడి అక్కడి నుంచే మొదలవుతుంది. బుల్ టెంపుల్, దొడ్డ గణపతి గుడి, గవిపురంలోని గవి గంగాధరేశ్వర గుహాలయం, దాని పక్కనే కెంపాంబుధి చెరువు, గాంధీ బజారు, ఇవన్నీ ఒకదానికొకటి చిన్న బండికి తగిన దూరంలోనే ఉన్నాయి. చెట్ల నీడ ఉన్న అడ్డ వీధులే తప్ప ఫ్లైఓవర్లు ఎక్కే పని లేదు. గాంధీ బజారులో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్ దోసె కోసం నిలబడక తప్పదు, అక్కడ బండి నిలపడమే దోసె కన్నా కష్టం.

రెండు మూడు సంగతులు గమనించండి. ఈ చిన్న బండ్లను యాప్‌లో చూపించిన నిర్ణీత స్థలాల్లోనే వదలాలి. గుడి ముందు తాళం వేసి దర్శనానికి వెళితే ఆ సేపటికి కూడా అద్దె పడుతూనే ఉంటుంది కాబట్టి, దగ్గరి స్థలంలో వదిలేసి, బయటకు వచ్చాక దొరికిన బండి తీసుకోవడమే మేలు. చక్రాలు చిన్నవి కావడంతో గుంతలు చేతులకు తెలుస్తాయి. ఇక్కడి అడ్డ వీధుల్లో రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లు చెట్ల నీడలో కలిసిపోయి కనబడవు. చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోండి.

ఇంకొక మాట. మీ ప్రయాణం కార్తీక మాసంలో అన్నారు. చివరి కార్తీక సోమవారం బుల్ టెంపుల్ దగ్గర కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, జరుగుతుంది. ఆ రోజుల్లో గుడి చుట్టుపక్కల రోడ్డంతా వేరుశనగ రాశులే, బండ్లను లోపలికి రానివ్వరు. అనంతపురం వారికి వేరుశనగ చూపించడానికి పిలవడం హాస్యాస్పదమే గానీ, ఆ సందడి మాత్రం చూడవలసిందే. నడిచి చూడండి.

లాల్‌బాగ్ లోపల బండి తిప్పే వీలు లేదు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోట ఇప్పుడు సుమారు 240 ఎకరాలు. గేటు దగ్గర బండి వదిలి, 1889 నాటి గాజు మందిరం, కెంపేగౌడ గోపురం ఉన్న బండరాయి నడిచి చూస్తే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. కబ్బన్ పార్కులో ఆదివారం వాహనాలను ఆపేస్తారు, కాబట్టి ఆ రోజును కూడా నడకకే ఉంచుకోండి.

సమాధానం (మారతహళ్ళి, రోజూ ఎలక్ట్రిక్ స్కూటరుపై ఆఫీసుకు వెళ్ళే వ్యక్తి)

పై సమాధానంలోని వివరాలన్నీ సరైనవే గానీ, ముగింపుతో నేను ఏకీభవించను. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే బండిపై వెళ్ళాలనుకునేటప్పుడు ఒక్కొక్కరే కూర్చునే చిన్న బండ్లు ఏం ప్రయోజనం? పైగా సాయంత్రం వేళ మీకు కావలసిన చోట ఆ బండ్లు దొరుకుతాయన్న నమ్మకం లేదు. లైసెన్సు ఉన్నవారు రిజిస్టరైన ఎలక్ట్రిక్ స్కూటరును రోజు అద్దెకు తీసుకుని, అమ్మాయికి కావాలంటే పేట లోపల మాత్రం చిన్న బండి ఇప్పించడం మంచిదని నా అభిప్రాయం. కర్ణాటకలో వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. అద్దె సంస్థ ఒకటే ఇస్తే రెండోది అడిగి తీసుకోండి.

అద్దె బండి తీసుకునేటప్పుడు మొదట నంబరు ప్లేటు చూడండి. ఎలక్ట్రిక్ బండ్లన్నింటికీ ఆకుపచ్చ ప్లేటే ఉంటుంది, అయితే అక్షరాలు తెల్లగా ఉంటే అది సొంత వాడకానికి రిజిస్టరైనది, పసుపుగా ఉంటే వాణిజ్య వాడకానికి రిజిస్టరైనది. తెల్ల అక్షరాల బండిని అద్దెకు తీసుకుంటే, రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. తరువాత బండిని నాలుగు వైపులా వీడియో తీయండి. మా బంధువులకు ఒక అద్దె సంస్థ పాత గీతనే కొత్త గీతగా చూపించి డిపాజిట్టులో కోత పెట్టింది, బండి ఇచ్చిన రోజు ఫోటో ఒక్కటి ఉండి ఉంటే ఆ వాదనే వచ్చేది కాదు. సిగ్నళ్ళ దగ్గర కెమెరాలు పట్టిన జరిమానా బండి యజమాని పేరుతో వెళ్ళి, చివరకు మీ డిపాజిట్టులోంచే పోతుంది. బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు, చర్చ్ స్ట్రీట్ వంటివన్నీ ఒకవైపు దారులు, కాబట్టి మలుపు తప్పితే వెనక్కి తిప్పకుండా చుట్టు తిరిగి రండి.

పెట్రోలు బండికి అలవాటుపడినవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఎలక్ట్రిక్ స్కూటరు నిలబడినప్పుడు ఏ చప్పుడూ చేయదు, కానీ అది బయలుదేరడానికి సిద్ధంగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఫోనులో దారి చూసుకుంటూ యాక్సిలరేటరు మీద చేయి ఉంచితే, చిన్న కదలికకే బండి ముందుకు దూకుతుంది. ఆగినప్పుడు బ్రేకు పట్టుకుని ఉండండి, లేదా పార్కింగ్ మోడ్‌లో పెట్టండి. చప్పుడు లేకపోవడం వల్లనే చిక్‌పేట, అవెన్యూ రోడ్డు వంటి చోట్ల మూటలు మోసేవారు మీ రాకను గమనించక అడ్డుగా అడుగు వేస్తారు. అసలు ఆ సందుల్లోకి బండి తీసుకువెళ్ళకపోవడమే మంచిది.

ఛార్జింగు గురించి. మామూలు స్కూటరు బ్యాటరీ సుమారు 3 యూనిట్ల కరెంటు పట్టుకుంటుంది (యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు). ఊరి ట్రాఫిక్‌లో ఇద్దరితో కిలోమీటరుకు 35 వాట్-అవర్లు ఖర్చవుతాయని లెక్క వేసుకుంటే 85 కిలోమీటర్ల దాకా రావాలి. అద్దె బండి బ్యాటరీ కొంత వాడినదై ఉంటుంది కాబట్టి 65 అనుకోండి. మీరు చెప్పిన ప్రాంతాలన్నీ ఒక్క రోజులో తిరిగినా ఇందులో సగం కూడా కాదు, అందువల్ల రోజు మధ్యలో ఛార్జింగు కోసం వెతుక్కునే అవసరం రాదు. రాత్రి లాడ్జిలో పెట్టుకోవాలంటే మాత్రం గది మాట్లాడుకునేటప్పుడే అడగండి. గాంధీనగర్‌లోని చాలా లాడ్జిలకు బండ్లు నిలిపే చోట ప్లగ్గు ఉండదు, మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయడం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా ప్రమాదం. బ్యాటరీ ఊడదీసి గదిలోకి తీసుకువెళ్ళగలిగే మోడల్ దొరికితే ఈ చిక్కు తీరుతుంది. లేకపోతే ఛార్జింగు స్టేషనులో 80 శాతం వరకు పెట్టుకుని బయలుదేరండి, ఆపైన ఛార్జింగు వేగం బాగా తగ్గిపోతుంది కాబట్టి కాచుకుని కూర్చోవడం వృథా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నంబరు ప్లేటు సంగతి నాకు బొత్తిగా తెలియదు. ఆ కాలంలో వాన ఉంటుందా? నంది కొండ గురించి ఎవరూ ప్రస్తావించలేదు.

సమాధానం (విజయనగర్ నుంచి)

కార్తీకం మొదట్లో సాయంత్రం వానలు ఉండవచ్చు. స్కూటరు బ్యాటరీకి, మోటారుకు నీటి నుంచి రక్షణ ఉంటుంది గనుక మామూలు వానకు భయపడనక్కరలేదు, కానీ అండర్‌పాసుల్లోకి మాత్రం దిగవద్దు. 2023 మే నెలలో కుండపోత వానకు కె.ఆర్.సర్కిల్ అండర్‌పాసులో నీరు నిండి, ఊరు చూడడానికి వచ్చిన బంధువులతో కారులో వెళ్తున్న మన తెలుగు అమ్మాయి నీటిలో మునిగి చనిపోయింది. అది విధానసౌధకు, కబ్బన్ పార్కుకు పక్కనే, సరిగ్గా మీరు తిరగాలనుకుంటున్న చోటే ఉంది. ఫోనులోని మ్యాపు అటు వెళ్ళమన్నా వెళ్ళకండి, మెట్రో స్టేషను కింద నిలబడి వాన వెలిశాక కదలండి.

సమాధానం (మారతహళ్ళి, మళ్ళీ)

నంది కొండ మెజెస్టిక్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు, ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఎక్కవలసింది 550 మీటర్ల పైచిలుకే. చాలామంది ఘాట్ రోడ్డును చూసి భయపడతారు గానీ, లెక్క వేస్తే కథ వేరు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 240 కిలోలు అనుకుంటే ఆ ఎత్తు ఎక్కడానికి నష్టాలు కలుపుకొని కూడా సుమారు అర యూనిట్ సరిపోతుంది. అసలు కరెంటును తినేది హెబ్బాళ దాటాక వచ్చే హైదరాబాద్ హైవే. అక్కడ వాహనాలతో సమానంగా వెళ్ళాలంటే 60, 70 వేగం పట్టాలి, ఆ వేగంలో గాలి ఒత్తిడికి కిలోమీటరుకు 40 వాట్-అవర్లు దాటిపోతాయి. 60 కిలోమీటర్లకు 2.4 యూనిట్లు, కొండకు మరో అర యూనిట్, అంటే మీరు సూర్యోదయం చూసే సమయానికి బ్యాటరీ దాదాపు ఖాళీ. దిగేటప్పుడు బ్రేకు ద్వారా కొంత తిరిగి వస్తుంది గానీ, అది ఊరు చేర్చేంత కాదు. దారిలో ఎక్కడో గంటల తరబడి ఛార్జింగు పెట్టుకునే ఓపిక ఉంటే తప్ప ఆ ప్రయాణానికి అద్దె ఎలక్ట్రిక్ బండి పనికిరాదు, ఆ ఒక్క రోజుకు బస్సో కారో చూసుకోండి.

సమాధానం (బసవనగుడి నివాసి, మళ్ళీ)

స్కూటరు విషయంలో మారతహళ్ళి మిత్రులు చెప్పినదానికి కొంతవరకు ఒప్పుకుంటాను, ఇద్దరు పెద్దవాళ్ళు కలిసి తిరగడానికి అదే అనుకూలం. కానీ అమ్మాయి చిన్న బండి మీద, మీరు స్కూటరు మీద ఉంటే ఆ పూట దారిని అమ్మాయి బండికి తగ్గట్టుగా ఎంచుకోవాలి. గాంధీనగర్ నుంచి బసవనగుడికి ఫోను మ్యాపు మిమ్మల్ని కె.ఆర్.మార్కెట్ దగ్గర సిర్సి సర్కిల్ ఫ్లైఓవర్ వైపు తీసుకువెళ్ళవచ్చు, ఆ బండితో దాని మీదికి ఎక్కకూడదు. అమ్మాయిని, మీ శ్రీమతిగారిని మెట్రోలో నేషనల్ కాలేజీ స్టేషనుకు పంపి, మీరొక్కరే స్కూటరుపై వచ్చి వారిని అక్కడ కలుసుకోండి. మల్లేశ్వరానికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. సంపిగె రోడ్డు స్టేషనులో దిగి, కాడు మల్లేశ్వర గుడి చూసుకుని, అడ్డ వీధుల మీదుగా సాంకీ చెరువు వరకు వెళ్ళవచ్చు. కార్తీక సోమవారం అయితే మాత్రం ఆ గుడికి తెల్లవారకముందే చేరుకోండి, ఎనిమిది దాటితే బండి నిలపడానికి చోటు దొరకదు.