కారణాంకాలు చూపకుండా ‘ఇది ప్రధాన సంఖ్య కాదు’ అంటే ఒప్పుకోవాలా?

శ్రీలత:
147573952589676412927. అరవై ఏడు రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితాలో దీన్ని చేర్చాడు. 1876లో గణితజ్ఞుడు లూకా కాదన్నాడు, కానీ దేనితో భాగించవచ్చో చెప్పలేదు. 1903లో న్యూయార్క్‌లో గణితజ్ఞుల సమావేశంలో కోల్ అనే గణితజ్ఞుడు ఆ రెండు కారణాంకాలనూ చూపించాడు: 193707721, 761838257287. నా దృష్టిలో విషయం తేలింది ఆ రోజే. నిన్న రాత్రి కాగితం మీద గుణించి చూశాను. సున్నాను వదిలేస్తే ఎనిమిది వరుసలు. ఏడుతో గుణించిన వరుస మూడు చోట్ల అలాగే దిగుతుంది. చివరి అంకె దాకా సరిపోయింది. ఇంతకు మించిన రుజువు ఏముంటుంది?

రామారావు మాస్టారు:
అమ్మా శ్రీలతా, లూకాకు అన్యాయం చేస్తున్నావు. 91ని తీసుకో. అది ప్రధాన సంఖ్యే అయితే 2⁹⁰ని దానితో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇది ఫెర్మా సిద్ధాంతం. 2¹² అంటే 4096. 91 × 45 = 4095, శేషం 1. తొంభైలో పన్నెండ్లు ఏడు పోగా ఆరు మిగులుతుంది, 2⁶ అంటే 64. శేషం 64 వచ్చింది, 1 రాలేదు. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి అనకుండానే తేలిపోయింది! లూకా పరీక్ష వేరే అయినా దారి ఇలాంటిదే.

శ్రీలత:
91 కాబట్టి రెండు వరుసల్లో సరిచూసుకున్నాం మాస్టారూ. ఇరవై ఒక్క అంకెల సంఖ్యతో చేత్తో చేసిన లెక్కలో ఎక్కడో ఒక అంకె తప్పితే? ఎన్ని రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో చెప్పే మెర్సెన్ జాబితాలో 67, 257 తప్పుగా చేరాయి. 61, 89, 107 జారిపోయాయి. పెద్దవాళ్ల మాట నమ్మితే అంతే.

రామారావు మాస్టారు:
ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టకు. మెర్సెన్‌ది ఊహ, లూకాది నిరూపణ.

కిరణ్:
నేను మాస్టారి వైపే. ఆర్ఎస్ఏ-2048 అనే 617 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని అందరికీ తెలుసు, దాని కారణాంకాలు మాత్రం ఇంతవరకు బయటపడలేదు. తెలుసుకోవడానికీ విడగొట్టడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని నమ్ముకునే ఆర్ఎస్ఏ రహస్య లిపి నడుస్తోంది. 2002లో కాన్పూర్ ఐఐటీలో అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చిన పద్ధతి కూడా ప్రధాన సంఖ్య అవునో కాదో తేలుస్తుంది, అంతే. కారణాంకాలు ఇవ్వదు. అయినా దాన్ని అసంపూర్ణమని ఎవరూ అనరు. శ్రీలత గారూ, మీ 193707721లో ఒకటి తీసి 134తో, అంటే 67కు రెట్టింపుతో, భాగించి చూడండి. మీ ఇరవై ఒక్క అంకెల సంఖ్యకు ప్రతి కారణాంకమూ అలా శేషం లేకుండా భాగింపబడేలా ఉండాలని కోల్‌కు ముందే తెలుసు.

శ్రీలత:
భాగించాను. 1445580, శేషం లేదు. రెండోదానికి 5685360129, అక్కడా శేషం లేదు. కారణాంకం దొరకకముందే దాని రూపం తెలియడం నిజంగా అబ్బురం, లూకాది నిరూపణేనని ఒప్పుకుంటాను. కానీ మా ఎనిమిదో తరగతి పిల్లలకు మాత్రం మొదట ఆ ఎనిమిది వరుసల గుణకారమే చేయిస్తాను.

రామారావు మాస్టారు:
చేయించమ్మా. మర్నాడు మాత్రం 91 చెప్పు.